గోడకు అవతలి వైపు హుక్కులు

2 ఆగస్టు 2025, శనివారం

సాయంత్రం టీ పెట్టుకుంటుండగా అవతల హాల్లో పెద్ద చప్పుడు. వెంటనే ఆడవాళ్ల కేకలు. ఆ వెంటనే నవ్వులు. నవ్వారు కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదనుకున్నాను. అయినా లేచి గోడ దాకా వెళ్లి నిలబడ్డాను. అంతకు మించి వెళ్లను. కుట్టు క్లాసులోకి మగవాళ్లు రాకూడదు. ఆ రూలు నా భార్య పెట్టింది.

కాసేపటికి ఫిజా బయటి మెట్ల మీదుగా చుట్టూ తిరిగి వచ్చింది. నా భార్య అక్క కూతురు. ఆమెను ఖాలా అనేది, నన్ను ఖాలూ అంటుంది. ఇప్పుడు క్లాసు నడిపేది ఆమే. ఖాలూ, గోడ హుక్కులన్నీ ఊడి పడ్డయ్, గోడ పిండి పిండి అయితాంది, జర చూడమంది. చూడటానికి నేను రాను కదా అన్నాను. అయితే విను అంది.

విన్నాను. వానకు అందరూ తడిసి వచ్చారు. బురఖాలన్నీ తడివే. హుక్కులకు తగిలించి కూర్చున్నారు. భవాని అనే అమ్మాయి స్కూటీ మీద వస్తుంది, బురఖా లేదు కానీ హెల్మెట్ ఉంది, రెయిన్ కోటు ఉంది, టిఫిన్ సంచి ఉంది, మూడూ ఒకే హుక్కుకు. ముందు అది ఊడింది. తర్వాత పక్కది. తర్వాత వరుస మొత్తం. నేల మీద నల్లటి గుట్ట. అన్నీ ఒకలాగే ఉన్నాయి. ఎవరిది ఏదో తేలడానికి చాలాసేపు పట్టింది. చివరకు ఒకామె వేరొకామెది తొడుక్కుని వెళ్లిపోయిందట. మిగిలినది ఇక్కడ ఎవరికీ మోకాళ్లు దాటట్లేదట.

ఈ గోడ గురించి నాకు తెలుసు. మాది మొదటి అంతస్తు. ఉన్నది ఒక పెద్ద హాలు, వంటగది. ఆరేళ్ల కిందట హాలును రెండు చేసుకున్నాం. అటు క్లాసు, ఇటు మా పడకగది. ఇటుక గోడ కడితే శ్లాబుకు బరువు, జిప్సం బోర్డు పెట్టిద్దాం అన్నది నేను. రెండు వైపులా అర అంగుళం బోర్డు, మధ్యలో రేకు చానళ్లు, మిగతాదంతా బోలు. హుక్కులు మాత్రం పనివాళ్లు ఆ బోలులోకి ప్లాస్టిక్ గిట్టీలు కొట్టి, వాటిలో స్క్రూలు తిప్పి వెళ్లారు. అప్పుడే అడగాల్సింది. అప్పుడు నాకు హుక్కులతో పని లేదు.

3 ఆగస్టు, ఆదివారం

ఫిజా అత్తగారు రహీమాబీ వచ్చింది. మడికొండ నుంచి ఆటోలో. కుర్చీలో కూర్చోకముందే గోడను వేలి కణుపులతో కొట్టి, ఇది గోడనా, డోలా భాయ్‌సాబ్ అని అడిగింది.

విషయం ఇది. ఇద్దరి ఇళ్లలో ఆడపిల్లలను పంపం అన్నారు. మండిబజార్‌లో గోడ కూలిందని చెప్పుకుంటున్నారట. ఇయ్యాల హుక్కు, రేపు గోడ, ఎల్లుండి శ్లాబు అంటాన్రు, నేనెవని నోరు మూయాలె అంది రహీమాబీ. మడికొండలో వాళ్ల కొత్త ఫ్లాటులో ఒక గది ఖాళీగానే ఉంది. గోడలు సిమెంటువి. అక్కడ గోడకు కొట్టిన ఖూంటీకి ఏనుగును కట్టినా ఊడదట. మిషన్లన్నీ అక్కడికే తోలుకపోతం అంది. ఫిజా నేల చూస్తోంది. అత్త ముందు ఆమె మాట్లాడదు, కానీ పోవాలని లేదని ఆమె కాళ్ల వేళ్లు చెబుతున్నాయి.

రెండు వారాలు ఆగమన్నాను. హుక్కులు నేను పెడతాను. ఆ తర్వాత ఒక్కటి ఊడినా క్లాసును తీసుకువెళ్లండి. గోడ మీద భరోసా లేదు గని నీ మీద ఉంది అంది. టీ తాగి వెళ్లింది.

ఇంత పంతం ఎందుకో రాసుకోవాలి. ఫిబ్రవరిలో నా భార్య పోయాక నలభయ్యో రోజు దాకా క్లాసు మూసి ఉంది. పొద్దున్న బ్యాచ్ లేదు, సాయంత్రం బ్యాచ్ లేదు. మిషన్ల చప్పుడు లేకుండా ఈ ఇంట్లో అన్ని రోజులు ఉన్నాను. మళ్లీ ఉండను. పని కూడా అంత పెద్దది కాదు. ఇంటర్మీడియట్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. హుక్కు నాకు కొత్త కాదు.

5 ఆగస్టు

కాలేజీ ల్యాబ్ నుంచి స్ప్రింగ్ బ్యాలెన్స్ తెచ్చాను. ఎంత బరువు మోయాలో తెలియకుండా హుక్కు కొనడం గుడ్డిపని.

ఇంట్లో ఒక బురఖా ఉంది. బీరువాలోంచి తీశాను. తూచాను. ముప్పావు కిలో. బకెట్లో ముంచి, ఒకసారి పిండి, మళ్లీ తూచాను. రెండు కిలోల పైన.

ఇంకేమీ రాయను. రెండు కిలోల పైన.

6 ఆగస్టు

దాన్ని ఆరేయడానికి పొద్దున్నే డాబా మీదకు వెళ్లాను. పక్క డాబా మీద సోమక్క వడియాలు పెడుతోంది. తీగ మీద బురఖా చూసి, చుట్టాలొచ్చిన్రా సార్ అని అడిగింది. లేదన్నాను. కాసేపు చూసి, ఆ అంచు కుట్టు మీ ఇంటామెదే కదా అంది. అవునన్నాను. ఎండకు నలుపు పోతది, తిరగేసి ఆరెయ్యమంది. తిరగేశాను.

సాయంత్రానికి ఆరింది. మడత పెట్టడం నాకు రాదు. ఫిజాకిచ్చాను. మడిచి తెచ్చి ఇచ్చింది.

7 ఆగస్టు

ఈరోజు క్లాసులో టార్క్ చెప్పాను. సిలబస్ ప్రకారం అది వచ్చే నెల.

8 ఆగస్టు, శుక్రవారం

చౌరస్తా దగ్గర శ్రీనివాస్ హార్డ్‌వేర్ షాపుకు వెళ్లాను. శ్రీనివాస్ ఇరవై ఏళ్ల కిందట నా దగ్గర చదివాడు. చదివాడు అనడం మర్యాద. వాళ్ల నాన్న కుర్చీలో ఇప్పుడు అతను కూర్చుంటున్నాడు. లేచి నిలబడి, కుర్రాళ్లందరి ముందు, సారు నాకు ప్రీఫైనల్‌లో పదకొండు మార్కులేసిన్రు, గందుకే గీడ కూసున్న అని పరిచయం చేశాడు. పదకొండు కాదు, తొమ్మిది. చెప్పలేదు.

కోటు హుక్కులు కావాలన్నాను. పెట్టె మీద అలాగే రాసి ఉంటుంది. వరంగల్‌ల కోటు ఎవడేస్తడు సార్, వకీళ్లు, పెండ్లికొడుకులు, మీరు ఈ రెండిట్ల ఏది కాబోతాన్రు అన్నాడు. అని, నాలుక కరుచుకున్నాడు. నా భార్య సంగతి అతనికి తెలుసు. దవాఖానకు కూడా వచ్చాడు. పర్లేదన్నాను. పర్లేదు నిజంగానే. ఆరు నెలల్లో నాతో జోకు వేసింది అతనొక్కడే.

ప్లాస్టిక్ గిట్టీలు వద్దన్నాను. బోర్డు సుద్దలాంటిది, పట్టు ఉండదు. హుక్కు ఎంత ముందుకు పొడుచుకు వస్తే పైన స్క్రూ మీద లాగుడు అంత ఎక్కువ. బోలులో రెక్కలు విచ్చుకునే బటర్‌ఫ్లై బోల్టులు చూపించాడు. బాగున్నాయి, ఒకటి రెండు హుక్కులకైతే చాలు. వరుసకు చాలవు. నేను అనుకున్నది వేరే. రెండు ప్లైవుడ్ పట్టీలు. ఒకటి ఇటు, ఒకటి అటు. మధ్యలో చానళ్ల గుండా ఆరపార పోయే పొడుగు బోల్టులు. హుక్కులు పట్టీకే, బోర్డుకు కాదు. బరువంతా చానళ్ల మీద పడుతుంది. చానళ్లు పైన శ్లాబుకూ కింద నేలకూ పట్టుకుని ఉన్నాయి. ఊడాలంటే ఇల్లు ఊడాలి.

మనిషిని పంపిస్త సార్, ఒక్క గంట పని అన్నాడు. వద్దన్నాను.

9 ఆగస్టు, రెండో శనివారం

చానళ్లు వెతికాను. ల్యాబ్ మ్యాగ్నెట్‌కు దారం కట్టి గోడ మీద మెల్లగా జరుపుతూ పోయాను. బోర్డును చానల్‌కు బిగించిన స్క్రూ ఎక్కడుంటే అక్కడ టక్కున అతుక్కుంటుంది. ఒకదాని కింద ఒకటి నాలుగు దొరికితే అది చానల్. పెన్సిల్‌తో గీత గీశాను. రెండడుగులకు ఒకటి, లెక్క తప్పలేదు. తర్వాత తట్టి చూశాను. బోలు దగ్గర ఒక శబ్దం, చానల్ దగ్గర ఒక శబ్దం.

సాయంత్రం బ్యాచ్ నడుస్తోందని మర్చిపోయాను. నేను మూడుసార్లు తడితే అవతల నుంచి ఎవరో మూడుసార్లు తట్టారు. రెండుసార్లు తడితే రెండు. తర్వాత ఒకటే నవ్వు. ఫిజా వచ్చి, ఏమనుకోకు ఖాలూ, భవాని గోడతోని ముచ్చట పెడ్తాంది, బొత్తిగ సిగ్గు లేదు దానికి అంది. తట్టనీ, చానల్ దగ్గర తట్టమను, నాకు పని తగ్గుతుంది అన్నాను.

10 ఆగస్టు, ఆదివారం

పని పూర్తయింది.

ఆరు గంటలకు అందరూ వెళ్లాక మొదలుపెట్టాను. ఫిజా అటు, నేను ఇటు. ఆమె అటు నుంచి పాత చీర పట్టుకుని నిలబడింది, జిప్సం పొడి మిషన్ల మీద పడకుండా. ఇటు నుంచి డ్రిల్ పెట్టాను. మొదట బోర్డు, మెత్తగా పోయింది. తర్వాత రేకు, కీచుమంది. తర్వాత మళ్లీ రేకు, మళ్లీ బోర్డు. ముక్కు కనబడ్డది ఖాలూ అని అటు నుంచి అరిచింది. బోల్టు తోశాను. ఆమె వాషర్ వేసి నట్టు తిప్పింది. ఇటు స్పానర్ నేను పట్టుకున్నాను, అటు ఆమె బిగించింది. ఎంత బిగించాలి అంటే, చేయి నొప్పి పుట్టేదాకా అన్నాను. ఎవరి చెయ్యి అని అడిగింది.

ఎత్తు కూడా ఆలోచించి పెట్టాను. బురఖా పొడవు నాకు తెలుసు, మొన్న కొలిచాను. తడి అంచు నేలకు తగలకూడదు. కింద చెప్పుల వరుసకు చోటు వదిలాను. పాత హుక్కుల దగ్గర బోర్డు చితికిపోయింది కాబట్టి దాన్ని వదిలేసి పైకి వెళ్లాను. నేను చేయి చాపితే సరిగ్గా అందే ఎత్తు.

వేలాడి చూడమన్నాను. స్టూలెక్కి రెండు చేతులతో పట్టుకుని వేలాడిందట. చప్పుడు లేదు. దిగి వచ్చి, ఖాలా ఉంటే నీకు ఇయ్యాల సేమియా చేసేది అంది.

ఆమె స్టూలెక్కిందన్న మాట దగ్గర నేను ఆగాల్సింది. ఇది మరుసటి రోజు కలిపి రాస్తున్నాను.

11 ఆగస్టు, సోమవారం

హుక్కులు ఒక్కటీ ఊడలేదు. ఒక్కరికీ అందలేదు.

భవాని ఒక్కతే పొడుగు. సాయంత్రం బ్యాచ్‌లో వచ్చిన ప్రతి బురఖానూ ఆమే తీసుకుని తగిలించింది, వెళ్లేటప్పుడు ఆమే తీసిచ్చింది. పొద్దున్న బ్యాచ్‌లో భవాని లేదు. బుట్టలోకి బంతి వేసినట్టు కింద నుంచి విసిరారు. హుక్కుకు పడ్డవి పడ్డాయి, పడనివి ఫ్యాన్‌కు తగిలాయి. రహీమాబీకి ఫోన్లోనే వార్త అందింది. భాయ్‌సాబ్ హుక్కులు జిరాఫీలకు పెట్టిండా అందట.

నిన్ననే ఎందుకు చెప్పలేదని ఫిజాను అడిగాను. నువ్వు మస్తు ఖుషీగ ఉన్నవ్ ఖాలూ, ఫిబ్రవరి నుంచి గట్ల చూడలే, ఎట్ల చెప్పాలె అంది.

13 ఆగస్టు

గోడ గట్టిది. బోల్టులు గట్టివి. మనుషులను కొలవలేదు.

14 ఆగస్టు

రేపు శుక్రవారం, క్లాసుకు సెలవు. పంద్రాగస్టు కాబట్టి నాకూ సెలవు. ఇటు నుంచి కొలిస్తే లాభం లేదు. లోపలికి వెళ్లాలి. తాళంచెవి ఫిజాను అడిగాను. నేను కూడా రానా అంది. వద్దు, సాయంత్రం వస్తే చాలన్నాను.

15 ఆగస్టు, శుక్రవారం

కాలేజీలో జెండా ఎగరేశాక, జుమా నమాజు ముగించుకుని, బయటి మెట్ల మీదుగా వెళ్లి హాలు తలుపు తీశాను. చెప్పులు బయట విడిచాను.

ఆరేళ్లలో మొదటిసారి. పది మిషన్లు, రెండు వరుసలు. కిటికీ దగ్గర కటింగ్ బల్ల. మిషన్ నూనె వాసన, కొత్త గుడ్డ వాసన. ఇటు నుంచి వింటే ఎంతో పెద్ద హాలు అనిపించేది. చిన్నది. మనుషులు నడవడానికి మధ్యలో ఒక్క సందు.

పాత హుక్కుల రంధ్రాలు వరుసగా ఉన్నాయి. దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. నా ఛాతీకి వచ్చాయి. పని వాళ్లు తమంతట తాము అంత కింద పెట్టరు. ఎవరో పక్కన నిలబడి, ఇక్కడ, ఇంకా కిందికి, ఇక్కడ అని చూపించి ఉంటారు. నా భార్య ఎంత పొడుగని ఎవరైనా అడిగితే నా భుజం దాకా అని చెప్పేవాణ్ణి. ఆ రంధ్రాలు ఆమె చేయి అందే ఎత్తైతే, భుజం దాకా రాదు.

బురఖా నేలకు తగలదా అన్న నా ప్రశ్నకు జవాబు కూడా అక్కడే ఉంది. ప్రతి రంధ్రం కిందా గోడ మీద నడుం ఎత్తులో తడి అంచు మరక. మధ్యకు మడిచి తగిలించేవారు. నేనెప్పుడూ చూడలేదు, నాకు ఎలా తెలుస్తుంది.

ఫిజా వచ్చాక పైపట్టీ విప్పాం. అదే చానళ్ల మీద కిందికి దించాను, పాత రంధ్రాలన్నీ పట్టీ కిందకు పోయేలా. కొత్త రంధ్రాలు, అవే బోల్టులు. ఈసారి రెండు వైపులా తిరిగి నేనే కొలిచి రంధ్రాలు పెట్టాను, అటు నట్లు మాత్రం మళ్లీ ఫిజానే బిగించింది. పైన మిగిలిన రంధ్రాలను తెల్ల సిమెంటుతో పూడ్చాను. హుక్కులు బిగించాక ఫిజాను నేల మీద నిలబెట్టి చేయెత్తమన్నాను. అందాయి. వంగకుండా, సాగకుండా.

పాత రంధ్రాల వరుస పట్టీ కింద పడకముందు పెన్సిల్‌తో పక్కన చిన్న గీత పెట్టాను. ఎందుకో తెలియదు. తర్వాత రబ్బరుతో తుడిచేశాను.

17 ఆగస్టు, ఆదివారం

రహీమాబీ తనిఖీ. చేతిలో బజారు సంచి, నిండా ఉల్లిగడ్డ, ఆలుగడ్డ. నేను ఇటు గదిలో ఉన్నాను. అటు జరిగినదంతా గోడ గుండా వినపడింది. ముందు సంచి తగిలించింది. తర్వాత పక్క హుక్కుకు భవాని హెల్మెట్. తర్వాత తనే పట్టీని రెండు చేతులతో పట్టుకుని వెనక్కి వాలింది. అమ్మో వద్దు అత్తమ్మా అని ఫిజా. ఊకో, నేను పడితె నీకే మంచిది అని ఆమె. అమ్మాయిలు నవ్వుతున్నారు. ఇటు వైపు పట్టీని నేను చూస్తున్నాను. బోల్టు ఒక్కటీ కదల్లేదు.

వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర నిలబడి, పాస్ భాయ్‌సాబ్ అంది. మండిబజార్‌లో రేపటికల్లా అందరికీ నేనే చెప్తా, నా మాట అయితె వింటరు అంది.

క్లాసు ఇక్కడే.

21 ఆగస్టు

రహీమాబీ చెప్పింది. విన్నారు. అదే ఇబ్బంది.

మానేసిన ఇద్దరూ తిరిగి వచ్చారు. వాళ్లతో పాటు కొత్తవాళ్లు. రహీమాబీ వాలినా ఊడని గోడను చూడటానికి వచ్చిన వాళ్లు కూడా పేరు రాయించుకుని వెళ్లారట. ఇంకా నాలుగు మిషన్లు పడితే తప్ప కుదరదు. పెట్టడానికి చోటు లేదు. ఉన్న సందు కూడా పోతుంది.

మడికొండ గది మళ్లీ మాటల్లోకి వచ్చింది. ఈసారి రహీమాబీ బెదిరించడం లేదు, న్యాయంగానే అడుగుతోంది. జాగ లేకపోతె ఏం చేస్తరు, పిల్లలను ఒళ్లో కూసోబెట్టుకుంటరా అంది. ఫిజా చెప్పలేక చెప్పింది. నీ హుక్కులు ఉత్తగ పోతయ్ ఖాలూ, అదొక్కటే నా బాధ అంది.

టేపు తీసుకుని నా గది కొలిచాను. గోడను ఇటువైపు ఆరడుగులు జరపవచ్చు. నాకు ఆరడుగుల గది మిగులుతుంది, ఒక సింగిల్ మంచానికి, నిలబడి నమాజు చదువుకోవడానికి చోటు. సరిపోతుంది. గోడ జిప్సంది, ఇటుకది కాదు. జరుగుతుంది. అప్పుడు జిప్సం అన్నది సరైన మాటే.

ఫిజాను పిలిచి చెప్పాను. మరి నీ మంచం అంది. ఆ డబుల్ కాట్ పట్టదు అన్నాను. ఆమె ఏదో అనబోయింది. మిషన్లు ఎక్కడ కొంటున్నావు అని అడిగాను.

24 ఆగస్టు, ఆదివారం

ఫిజా భర్త వలీ ట్రాలీ ఆటో తెచ్చాడు. మంచం విప్పాం. టేకుది, మా పెళ్లికి మా మామగారు చేయించింది. బోల్టులు తుప్పు పట్టాయి. కిరోసిన్ పోసి కాసేపు ఆగితే వదిలాయి. తలవైపు పలక మెట్ల మలుపులో తిరగలేదు. నిలువుగా చేసి దించాం.

రహీమాబీ కింద నిలబడి ఉంది. పెండ్లి మంచం ఇస్తానవా భాయ్‌సాబ్, ఇచ్చే ముందు మల్లొకసారి సోంచాయించు అంది. వలీ, ఫిజా పెళ్లయినప్పటి నుంచి చాప మీద పడుకుంటున్నారు, ఆ సంగతి నాకు తెలుసు. ఆరడుగుల గదిలో ఆరడుగుల మంచం పెడితే మనిషి ఎక్కడ నిలబడాలి అన్నాను. లెక్క సరిగ్గానే ఉంది. ఆమె ఒప్పుకుంది.

పరుపు కూడా తీసుకువెళ్లమన్నాను.

25 ఆగస్టు

చాప మీద పడుకున్నాను. నడుము బాగానే ఉంది.

29 ఆగస్టు, శుక్రవారం

సెలవు పెట్టాను. బోర్డు పనివాళ్లు వచ్చారు. గోడ తీసే ముందు పట్టీలు విప్పాలి. అది నేనే చేస్తానన్నాను. నట్లు వదలవు. నేను బిగించినవి, ఫిజా చేయి నొప్పి పుట్టేదాకా బిగించినవి. అటు స్పానర్ పనివాడితో పట్టించి, ఇటు దాని మీద బరువంతా వేసి తిప్పాను. ఒక బోల్టు చివరి దాకా రాలేదు. పనివాడు బోర్డు పగలగొట్టి చానల్ ముక్కతో సహా తీశాడు. ఇంత గట్టిగ ఎవరు బిగించిన్రు సార్ అన్నాడు. ఇద్దరం అన్నాను.

సాయంత్రానికి గోడ కొత్త చోట నిలబడింది. పట్టీ అదే ఎత్తులో. కొత్త హుక్కులు ఇంకో పది. చానళ్లు ఎక్కడున్నాయో ఈసారి వెతకలేదు, వాళ్లు నిలబెడుతుంటే చూసి రాసుకున్నాను. శనివారం పొద్దున్న బ్యాచ్‌కు హాలు సిద్ధం.

2 సెప్టెంబరు, మంగళవారం

ఇన్నాళ్లూ నా చొక్కాలు మంచం మీద నా భార్య పడుకునే వైపు పరిచి ఉండేవి. ఇప్పుడు గోడకు నా వైపు కూడా ఒక హుక్కు బిగించాను.

ఒకటి చాలు. చానల్ మీదే ఉంది.